నాన్న జీవిత సాక్ష్యం రాయడం ఎలా?

ఒకరు చనిపోయాక కుటుంబాన్ని ఓదార్చడానికి సంఘం జరిపే ఆదరణ కూడికలో, వారి జీవితం గురించి ఇంటివాళ్లు చెప్పేదే జీవిత సాక్ష్యం. "ఇప్పుడు కుటుంబం తరఫున రెండు మాటలు" అని పాస్టర్ గారు పిలవగానే చాలామంది ఒకే ధోరణిలో మొదలుపెడతారు. నాన్నగారు గొప్ప భక్తిపరులు, ప్రార్థనాపరులు, అందరినీ ప్రేమించేవారు. నిజమే కావచ్చు. కానీ పేరు మారిస్తే పక్కింటాయనకూ అతికిపోయే సాక్ష్యం మీ నాన్నది ఎలా అవుతుంది?

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. యొప్పే పట్టణంలో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు అక్కడి విధవరాండ్రు ఏడుస్తూనే, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి పేతురుకు చూపించారు. ఆమె ఎలాంటి మనిషో ఆ బట్టలే చెప్పాయి. మీరు చేయాల్సిందీ అదే.

1. ముందు తేదీలు తేల్చుకోండి

పుట్టిన రోజు, బాప్తిస్మం, పెళ్లి, ఉద్యోగం, సంఘంలో మోసిన బాధ్యతలు, ప్రభువునందు నిద్రించిన రోజు. ఇవన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. బాప్తిస్మం, పెళ్లి తేదీల కోసం సంఘం రిజిస్టరు చూడండి. సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీ, ఇంట్లో చెప్పుకునే తేదీ వేరైతే ఏది చదవాలో ఇంట్లోనే ఒక మాట అనుకోండి. ఈ భాగం ఒక్క నిమిషంలో చదివేలా ఉంటే చాలు.

2. ఆయన బైబిలు తెరవండి

అసలు సంగతులు దొరికేది ఇక్కడే, తొందరపడకండి. ఏ పేజీల అంచులు నలిగాయి? దేని కింద గీత గీశారు? పేజీల మధ్య ఏం దాచారు? పాత రసీదో, ప్రార్థన అంశాల చీటీయో, మనవరాలు గీసిన బొమ్మో ఉండొచ్చు. 121వ కీర్తన పక్కన పెన్సిల్‌తో ఒక తేదీ మాత్రమే కనిపించిందనుకోండి. మీకేమీ అర్థం కాదు. అమ్మను అడిగితే, అది చెల్లికి ఆపరేషన్ జరిగిన రోజు అంటుంది. ఆ రాత్రి ఆస్పత్రి బెంచీ మీద నాన్న ఏం చదువుతూ కూర్చున్నారో అప్పుడు తెలుస్తుంది. ఇలాంటిది ఒక్కటి దొరికినా సాక్ష్యం సగం రాసేసినట్టే.

వాక్యాన్ని కూడా ఇక్కడి నుంచే ఎంచుకోండి. 2 తిమోతి 4:7 ("మంచి పోరాటము పోరాడితిని") మంచి వాక్యమే, అందరూ చదివేదే. ఆయన మళ్లీ మళ్లీ గీత గీసుకున్నది వేరే ఉంటే అదే చదవండి, అదీ ఆయన చదివిన అనువాదంలోనే. పాటల పుస్తకం కూడా ఓసారి తిరగేయండి.

3. మనవలను విడివిడిగా అడగండి

అందరినీ కూర్చోబెట్టి అడిగితే మొదటివాడు చెప్పిందే మిగతావాళ్లూ చెబుతారు. "తాతయ్య ఎలాంటివారు?" అని అడిగినా లాభం లేదు, "మంచివారు" అని ఊరుకుంటారు. తాతయ్య ప్రార్థన ఏ మాటతో మొదలయ్యేది? అందులో నీ పేరు ఎవరి తర్వాత వచ్చేది? ఏ పాటలో శ్రుతి తప్పేవారు? నిన్ను ఎప్పుడు కోప్పడ్డారు, తర్వాత ఏం చేశారు? ఇలా అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. "తాతయ్య ప్రార్థన ఎంతకీ అయ్యేది కాదు, నాకు మోకాళ్లు నొప్పెట్టేవి" అని ఏ చిన్నోడైనా అంటే దాన్ని దిద్దకండి. కూడికలో నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

తిమోతి విశ్వాసం గురించి రాసేటప్పుడు పౌలు అతని అవ్వ లోయినీ, తల్లి యునీకేనూ పేరుపెట్టి తలచుకున్నాడు (2 తిమోతి 1:5). మీ ఇంట్లో ఆయన అలవాటు ఎవరికి వచ్చిందో అలాగే పేరుపెట్టి చెప్పండి. ఆయనతో పనిచేసినవాళ్లను, మన విశ్వాసం కాని స్నేహితులను కూడా అడగండి. ఇంట్లో ఎవరికీ తెలియనివి వాళ్ల దగ్గరుంటాయి.

4. మూడు సంఘటనలు చాలు

ఎక్కడ జరిగింది, ఆయన ఏం చేశారు, ఏమన్నారు. ఆయన మాటను ఆయన యాసలోనే రాయండి. వినేవాళ్లకు ఆయన ఉదారత తెలిసిపోతే "ఉదారులు" అనే మాట కొట్టేయొచ్చు.

కోపం ఎక్కువైతే దాచాల్సిన పని లేదు. దావీదు తప్పును బైబిలు దాచలేదు. కోప్పడి, పడుకునే ముందు వచ్చి క్షమాపణ అడిగిన నాన్న కథ ఏ పొగడ్తకన్నా బాగుంటుంది, నిజంగా అడిగి ఉంటేనే సుమా. ఆస్తి గొడవలు, అన్నదమ్ముల అలకలు మాత్రం మైకు దగ్గరకు తేవద్దు. ఆయన గుట్టుగా డబ్బు సాయం చేసినవాళ్ల పేర్లూ చెప్పొద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నది (మత్తయి 6:3) ఆయన పాటించి ఉంటే, మీరు దాన్ని చెడగొట్టడం ఎందుకు? ప్రసంగం పాస్టర్ గారికి వదిలేయండి.

5. చదివేటప్పుడు

ఐదు నిమిషాలు దాటొద్దు. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకుని, ఇంట్లో రెండుసార్లు పైకి చదవండి. గొంతు పట్టేసే చోటు అప్పుడే తెలుస్తుంది, అక్కడ ఒక గుర్తు పెట్టుకుని ఆగండి. ఇంకో కాపీ ముందు వరుసలో కూర్చున్నవాళ్ల చేతిలో ఉంచితే టెన్షన్ ఉండదు. మీ వల్ల కాకపోతే వాళ్లు అందుకుంటారు.

6. కూడిక అయ్యాక

బైబిలు ఎవరికి వెళ్లాలన్న చర్చ వస్తుంది. అంతకుముందే రాతలున్న ప్రతి పేజీనీ ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులో ఫొటో తీసి అందరికీ పంపండి. చీటీలు ఏ పేజీలో దొరికాయో రాసి, తిరిగి అక్కడే పెట్టండి. వాటికి లామినేషన్ చేయించకండి, మళ్లీ ఊడదీయడం కుదరదు. పాత ఫొటోల వెనక మెత్తని పెన్సిల్‌తో పేర్లు రాయండి. పెన్నుతో గట్టిగా రాస్తే ముందువైపు గుర్తులు పడతాయి. ఎవరు ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్లు కూడికకు వచ్చి ఉంటారు కాబట్టి, వాళ్లు ఊరెళ్లేలోపే ఆ ఫొటోల పని ముగించండి.