రాత్రి వీధి ఫోటోలు: ఫ్రేమ్ ఎక్కడ చెడుతోంది, క్రాప్ ఎక్కడ పడాలి

రాత్రి తీసిన ఫోటో చప్పగా అనిపిస్తే చాలామంది వెంటనే రంగులు మార్చడం మొదలుపెడతారు. కానీ తప్పు ఎక్కువసార్లు ఫ్రేమ్‌లోనే ఉంటుంది. పగలు వస్తువులను చూసి ఫ్రేమ్ కడతాం. రాత్రి మాత్రం వెలుగు ఎక్కడెక్కడ పడిందో చూసి కట్టాలి, క్రాప్ (తీశాక అంచులు కోయడం) కూడా దాన్నిబట్టే చేయాలి.

సమస్య: చూపు మనిషి మీద నిలవకుండా అంచుకి పోతోంది

కారణం: ఫ్రేమ్‌లో అన్నిటికన్నా వెలుగున్న చోటికే కన్ను ముందు వెళ్తుంది. మూలలో వీధిదీపమో, సగం తెగిన సైన్‌బోర్డో ఉంటే మనిషి ఎంత మంచి చోట నిలబడినా లాభం లేదు. బోర్డు మీద అక్షరాలుంటే మరీ కష్టం, చదవకుండా ఉండలేం.

పరిష్కారం: ఫోటోను తలకిందులు చేసి, బాగా చిన్నదిగా చూడండి. అప్పుడు మనుషులు, భవనాలు పోయి వెలుగు మచ్చలే మిగులుతాయి. అంచుకు తగులుతున్న మచ్చలేవో ఇట్టే తెలిసిపోతుంది. వాటిని కోసేయండి. కోస్తే మనిషి కూడా తెగేలా ఉంటే, ఆ మచ్చ వరకే వెలుగు తగ్గించి చూడండి. అయితే పూర్తిగా తెల్లబడిపోయిన దీపాన్ని తగ్గిస్తే మురికి బూడిద రంగు వస్తుంది, అప్పుడు ఆ ఫోటో వదిలేయడమే మేలు. ఈసారి తీసేటప్పుడు ఒక అడుగు పక్కకు జరిగి దీపాన్ని స్తంభం వెనకో, చెట్టు వెనకో దాచండి. వీధి మీద వెలుగు అలాగే ఉంటుంది, దీపం మాత్రం కనపడదు. రాత్రి ఫోటోకి ఇంతకన్నా పనికొచ్చే అలవాటు లేదని నా నమ్మకం.

సమస్య: మనిషి చీకట్లో కలిసిపోయాడు

కారణం: ముదురు బట్టల వెనక ముదురు గోడ. ఎడిటింగ్‌లో షాడోస్ (చీకటి భాగాల వెలుగు) పెంచితే మనిషి బయటికొస్తాడు గానీ, నాయిస్ (గింజల్లాంటి చుక్కలు) కూడా వస్తుంది, మూడ్ పోతుంది.

పరిష్కారం: దీన్ని క్రాప్ బాగుచేయలేదు. వెలుగు పడ్డ గోడో, మూసిన దుకాణం షట్టరో, మెరుస్తున్న తడి రోడ్డో ముందుగా ఎంచుకుని, ఎవరైనా దాని ముందుకొచ్చేదాకా ఆగండి. తల, భుజాలు వెలుగు మీద పడాలి. రెండు కాళ్లూ విడివిడిగా కనిపించే క్షణంలో నొక్కితే నడక తెలుస్తుంది. నడిచే మనిషి చెదరకుండా రావాలంటే షట్టర్ స్పీడ్ (కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం) 1/125 సెకను దగ్గర మొదలుపెట్టండి.

సమస్య: చీకటి ఎక్కువై ఖాళీగా ఉంది

కారణం: ఆ చీకటికి ఆకారం లేదు. ఒక పైకప్పు అంచు, ఒక కిటికీ, ఒక తీగ ఉన్నా అది స్థలంలా అనిపిస్తుంది. ఏమీ లేకపోతే ఉత్త నలుపే.

పరిష్కారం: భయపడి మొత్తం కోసేయకండి, మూడ్ ఉన్నది ఆ చీకట్లోనే. మనిషి నడుస్తున్న వైపు చీకటిని ఉంచి, వెనకవైపు తగ్గించండి. ఇరుకు సందుకి నిలువు 4:5 (వెడల్పు:ఎత్తు) నప్పుతుంది, పొడవాటి గోడకి 16:9. తడి రోడ్డులో ప్రతిబింబం ఉంటే దాన్ని మధ్యలో నరకొద్దు. మొత్తం ఉంచండి, లేదా అసలు బొమ్మను వదిలేసి ప్రతిబింబాన్నే తీసుకోండి.

సమస్య: క్రాప్ చేశాక నాయిస్ పెరిగింది

కారణం: నాయిస్ పెరగలేదు, పెద్దదై కనిపిస్తోంది. 24 మెగాపిక్సెల్ ఫోటో 6000×4000 ఉంటుంది. వెడల్పు, ఎత్తు సగానికి కోస్తే మిగిలేది 3000×2000, అంటే 6 మెగాపిక్సెల్. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) బాగా పెంచి 6400లో తీసిందైతే ఆ గింజలు దాగవు.

పరిష్కారం: దగ్గరికి నడవండి. వెడల్పులో పావు వంతుకు మించి కోయాల్సి వస్తోందంటే, దూరం నుంచి తీశారని అర్థం.

సమస్య: భవనాలు వెనక్కి వాలుతున్నాయి

కారణం: కెమెరాను పైకెత్తి తీయడం.

పరిష్కారం: ఎడిటింగ్‌లో నిలువు గీతలు సరిచేయొచ్చు. కానీ అప్పుడు మూలలు ఖాళీ అయి పక్కలు కోయాల్సి వస్తుంది. అందుకని తీసేటప్పుడే చుట్టూ కాస్త చోటు వదలండి. ఎత్తైన భవనాలకు కొద్దిపాటి వాలు ఉండనివ్వండి, పూర్తిగా నిటారు చేస్తే పైభాగం ఉబ్బినట్టు కనిపిస్తుంది.