వీలునామాలో అమ్మ, నామినీగా బాబాయి: ఎలా సరిచేశామంటే

నాన్న వీలునామాలో అన్నీ అమ్మకే రాశారు. కానీ పెళ్లికి ముందు తెరిచిన బ్యాంకు ఖాతాలో నామినీగా ఇంకా బాబాయి పేరే ఉంది. వీలునామాలో ఏమున్నా, ఖాతాదారు పోయాక బ్యాంకు మొదట డబ్బు ఇచ్చేది నామినీకే. బాబాయి మంచివారే, అయినా ఆ సమయంలో అమ్మ ఎవరినీ అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

నాన్నతో కూర్చుని ప్రతి ఖాతా, ఇన్సూరెన్స్ పాలసీ తిరగేశాను. నామినీ మార్పు ఫారాలు ఇచ్చి, మార్చినట్టు రసీదులు తీసుకున్నాం. వీలునామా కూడా కొత్తగా రాయించాం, పాతది రద్దని స్పష్టంగా పెట్టి. సాక్షులిద్దరూ ఆస్తిలో వాటా లేనివాళ్లే. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్ల వాటాకే ఎసరు రావచ్చు. రేపు అవసరమైతే సాక్ష్యం చెప్పడానికి ఉండేలా, సాక్షులు నాన్నకంటే చిన్నవాళ్లై ఉండాలని నేనే పట్టుబట్టాను. వీలునామా అసలు కాపీ ఏ బీరువాలో ఉందో అమ్మకూ అక్కకూ చూపించాం.