పొద్దుతిరుగుడు మొలకలు ఇంట్లో పెంచడం ఎలా?

మొలకలు సరిగా రాలేదంటే ముందు అడగాల్సింది గింజ ఎక్కడ కొన్నారని. విత్తనాల దుకాణంలో దొరికే ప్యాకెట్లు పొలానికే, తినడానికి కాదు. గులాబీ, నీలం రంగు పూత ఉందంటే థైరమ్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు పట్టించారన్నమాట. కడిగితే రంగు పోతుందేమో, మందు పోదు. కిరాణాలో దొరికే ఒలిచిన పప్పులో మొలక ముక్కు విరిగిపోయినవే ఎక్కువ. వేయించిన ఉప్పు గింజ సంగతి చెప్పక్కర్లేదు.

కావలసింది పొట్టుతో ఉన్న పచ్చి నల్ల గింజ, నూనె తీసే రకం. చారలున్న లావు గింజ కూడా మొలుస్తుంది గానీ దాని పొట్టు మందం, ఓ పట్టాన ఊడి చావదు. తెలిసిన రైతు దగ్గర మందు కలపనిది తీసుకోండి. అయితే యాసంగి గింజను కోసిన వెంటనే నానేయకండి. నెల, నెలన్నర దాకా అది నిద్రలోనే ఉంటుంది. ఏడాది దాటిందీ వద్దు. మన ఎండలకు నూనె గింజ త్వరగా ముక్కిపోతుంది. పది గింజలు తడిబట్టలో చుట్టి నాలుగు రోజులు చూడండి. ఎనిమిదన్నా మొలవకపోతే ఆ సంచి గానుగకే.

అడుగు పొడవు, అడుగు వెడల్పున్న తట్టకు 70 నుంచి 80 గ్రాములు చాలు. అడుగున రంధ్రాలుండాలి. నానబెట్టిన కోకోపీట్‌ను, అంటే కొబ్బరి పీచు పొట్టును, పిండి, అంగుళం మందం పరవండి. గింజలు రాత్రంతా నానాలి. తేలుతుంటాయి కాబట్టి పైన పళ్లెం బోర్లించండి. ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దు, తాగే నీళ్లే వాడండి. పొద్దున కడిగి బట్టలో మూటకట్టి, పూటకోసారి కడుగుతుంటే ఒకటిన్నర రోజుకు తెల్లటి ముక్కు కనబడుతుంది. అప్పుడు ఒకదానిమీద ఒకటి పడకుండా తట్టలో చల్లండి. పైన పీట్ కప్పొద్దు.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. గింజల మీద సమంగా ఆనే పళ్లెం పెట్టి, దానిమీద ఓ ఇటుక, అంటే రెండు మూడు కిలోల బరువు పెట్టాలి. మొలక ఆ బరువును నెట్టుకుంటూ లేస్తుంది కాబట్టి వేరు గట్టిగా దిగుతుంది, పొట్టు వదులవుతుంది. బరువు పెట్టని తట్టలో ఆకులు పొట్టు టోపీ పెట్టుకుని నిలబడతాయి, ఒక్కోటి గిల్లుతూ కూర్చోవాల్సిందే. పెసల మాదిరి సీసాలో మొలకెత్తిస్తే సులువు కదా అంటారు కొందరు. పొట్టుతో ఉన్న గింజ సీసాలో కుళ్లు వాసన కొడుతుంది, ఆ దారి పట్టకండి.

బరువు కింద గాలి ఆడదు. రోజుకు రెండుసార్లు పళ్లెం ఎత్తి, నీళ్లు పిచికారీ చేసి, అయిదు నిమిషాలు గాలి తగలనిచ్చి మళ్లీ పెట్టండి. తడి చేతికి తెలియాలి, నీళ్లు నిలవకూడదు. తెల్లటి నూగు కనబడగానే బూజని పారేయకండి. వేరు చుట్టూ పొట్టిగా, దూది లాగా ఉండి, నీళ్లు చల్లగానే అణిగిపోతే అది వేరు నూగు. సాలెగూడులా గింజ నుంచి గింజకు పాకి, తడిపినా అణగకుండా ముక్కిన వాసన వస్తే బూజు. తట్ట మొత్తం పారేయాలి, ఆ మూల వరకు ఏరేస్తే సరిపోదు. పళ్లెం అంగుళం పైకి లేచిన రోజున బరువు తీసేయండి. మామూలుగా మూడో రోజు. ఇంకా ఉంచితే కాడలు వంకర్లు పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ, గద్వాల ఎండలకు మొలక కంటే బూజే ముందొస్తుంది. ఆ రెండు నెలలు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

తర్వాత ఒక రోజు చీకట్లో, రెండు మూడు రోజులు కిటికీ వెలుగులో. నీళ్లు అడుగు నుంచే పట్టించండి. పొట్టు అంటుకున్నచోట తడిపి అరచేత్తో మెల్లగా నిమిరితే రాలిపోతుంది. నాలుగు అంగుళాల ఎత్తులో, రెండు ఆకుల మధ్య మూడో ఆకు తొంగిచూడకముందే కత్తెరతో కోయండి. మూడో ఆకు వస్తే చేదు. కడగకుండా డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో అయిదు రోజులుంటాయి. తినేముందు కడిగి, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపి జొన్నరొట్టెలోకి పెట్టుకోండి.