సీటు చూశాకే పాయింట్లు కదపండి

క్రెడిట్ కార్డు పాయింట్లని ఎయిర్‌లైన్ మైళ్ళుగా మార్చి, వాటితో విమానం సీటు కొనుక్కోవచ్చు. ఆ పాయింట్లు బాగా పోగయ్యాయని చూసుకుని నాకు ఫోన్ చేసేవాళ్ళంతా అడిగేది ఒకటే: "ఏ ఎయిర్‌లైన్‌కి పంపమంటావు?" ముందు ఆ కార్డు యాప్ మూసెయ్యమంటాను. పాయింట్లు పంపడం ఈ పనిలో ఆఖరి మెట్టు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. కష్టమంతా దానికి ముందే ఉంటుంది. జనం సరిగ్గా దాన్నే దాటేస్తారు.

మా ఇంట్లో ఈ వ్యవహారం మా అత్తగారి మోకాళ్ళ వల్ల మొదలైంది. రాత్రంతా ఎకానమీ సీట్లో ముడుచుకుని కూర్చుంటే దిగాక రెండు రోజులు నడవలేరావిడ. కాళ్ళు చాపి పడుకునే సీటు ధర చూస్తే మాకు కళ్ళు తిరిగేవి. అలా నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టాల్లో ఎవరికి దూరప్రయాణం పడినా ఆ లెక్కలన్నీ నా నెత్తిన పడుతున్నాయి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కార్డు బిల్లు నెలనెలా పూర్తిగా కట్టలేనివాళ్ళు ఈ జోలికి రావద్దు. కట్టే వడ్డీ ముందు ఏ బిజినెస్ క్లాస్ సీటూ చవక కాదు.

పాయింట్లు బ్యాంకులోనే ఎందుకు ఉంచాలి

అమెరికన్ ఎక్స్‌ప్రెస్ మెంబర్‌షిప్ రివార్డ్స్, చేజ్ అల్టిమేట్ రివార్డ్స్, సిటీ థాంక్యూ, క్యాపిటల్ వన్ మైల్స్ లాంటి వాటిలో ఉన్నంతసేపూ మీ పాయింటు ఎటైనా పోగలదు. ఒక్కో బ్యాంకుకీ డజనుకి అటూ ఇటూగా ఎయిర్‌లైన్ భాగస్వాములుంటారు. అదే పాయింటు ఒకసారి ఎయిర్‌లైన్ ఖాతాలో పడితే ఇక వెనక్కి రాదు. కస్టమర్ కేర్‌లో ఎంత బతిమాలినా రాదు. పైగా ఎయిర్‌లైన్లు తమ మైళ్ళ రేట్లు చెప్పాపెట్టకుండా పెంచేస్తుంటాయి. నిన్నటిదాకా 70,000కి వచ్చిన సీటు ఇవాళ 90,000 అంటే చేసేదేమీ లేదు.

కాలం చెల్లడం ఇంకో గొడవ. కార్డు నడుస్తున్నంతకాలం బ్యాంకు పాయింట్లు మామూలుగా చెల్లిపోవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్ళకైతే 36 నెలలే ఆయుష్షు. ఎయిర్ కెనడా ఏరోప్లాన్ ఖాతాలో 18 నెలలపాటు ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి. "ఎప్పుడైనా పనికొస్తాయిలే" అని ముందే పంపి పెట్టుకోవడం అందుకే నాకు నచ్చదు. బోనస్ ఇస్తున్నారన్నా సరే. బోనస్ సంగతి తర్వాత చెబుతాను.

ఎక్కే విమానం ఒకరిది, మైళ్ళు ఇంకొకరివి

కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. లుఫ్తాన్సా విమానం ఎక్కాలంటే లుఫ్తాన్సా మైళ్ళే ఉండనక్కర్లేదు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అని మూడు కూటములున్నాయి. ఒక కూటమిలో ఉన్న ఏ ఎయిర్‌లైన్ మైళ్ళతోనైనా దాదాపు మిగతా అందరి విమానాల్లోనూ సీటు కొనొచ్చు. ఏరోప్లాన్ పాయింట్లతో లుఫ్తాన్సా, టర్కిష్, ఎయిర్ ఇండియా, జపాన్ వాళ్ళ ఏఎన్ఏ ఎక్కొచ్చు. కూటమితో పనిలేని విడి ఒప్పందాలూ ఉంటాయి. వర్జిన్ అట్లాంటిక్ స్కైటీమ్‌లో ఉంది, ఏఎన్ఏ స్టార్ అలయన్స్‌లో ఉంది. అయినా వర్జిన్ పాయింట్లతో ఏఎన్ఏ బిజినెస్ సీట్లు కొంటారు. ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేదు, దానికీ ఏరోప్లాన్ పాయింట్లు పనికొస్తాయి.

కాబట్టి మీ బ్యాంకు భాగస్వాముల జాబితా ముందేసుకుని, వాళ్ళు ఏ కూటమివాళ్ళో పక్కన రాసుకోండి. అరగంట పని. జాబితా దేశాన్ని బట్టి, కార్డుని బట్టి మారుతుంది. మారకం రేటు కూడా అంతే: ఒకే బ్యాంకు ఒక దేశంలో ఒకటికొకటి ఇస్తే, ఇంకో దేశంలో రెండింటికి ఒకటి ఇవ్వొచ్చు. ఇంకెక్కడో చదివింది నమ్మకుండా మీ కార్డు పేజీలో ఉన్నదే చూడండి.

ఏవియోస్ అనే మైళ్ళ సంగతి విడిగా చెప్పాలి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఖతార్ ఎయిర్‌వేస్, ఫిన్‌ఎయిర్, ఎయిర్ లింగస్ అన్నీ ఈ ఏవియోస్‌నే వాడతాయి. ఖాతాలు కలుపుకుంటే వాటి మధ్య ఒకటికొకటి లెక్కన తిప్పుకోవచ్చు కూడా. మీ బ్యాంకు నుంచి ఖతార్‌కి నేరుగా దారి లేకపోయినా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి పంపి అక్కణ్ణుంచి మళ్ళించుకోవచ్చు. ఎయిర్‌లైన్ ఖాతాలో పడ్డాక కూడా ఈ పాయింట్లకి కాస్త మసిలే చోటుంటుంది.

హోటల్ పాయింట్లని మైళ్ళుగా మార్చడం మాత్రం ఆఖరి గత్యంతరం. మారియట్ బాన్‌వాయ్‌లో 60,000 పాయింట్లు పెడితే చాలా ఎయిర్‌లైన్లలో వచ్చేది 25,000 మైళ్ళు, అదీ వాళ్ళిచ్చే 5,000 బోనస్ కలిపి. ఖాతాలో రెండు మూడు వేల మైళ్ళు తక్కువైతే పూడ్చుకోవడానికి పనికొస్తుంది, అంతే.

సీటు వెతకడం

అసలు పని ఇదే. విమానంలో డబ్బుకి అమ్మే సీట్లన్నీ మైళ్ళకి ఇవ్వరు. బిజినెస్‌లో ముప్ఫై సీట్లుంటే భాగస్వాములకి వదిలేవి ఒకటో రెండో, కొన్నిసార్లు సున్నా. సింగపూర్ ఎయిర్‌లైన్స్ లాంటివాళ్ళు దూరప్రయాణాల బిజినెస్ సీట్లని చాలావరకు తమ క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే అట్టిపెట్టుకుంటారు. ఆ విమానమే కావాలంటే క్రిస్‌ఫ్లయర్ తప్ప గతిలేదు.

సీట్లు ఎక్కువగా కనిపించేది రెండు వేళల్లో. ఒకటి, బుకింగ్ తెరిచిన కొత్తలో, అంటే ప్రయాణానికి సుమారు 11 నెలల ముందు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 355 రోజుల ముందు తెరుస్తుంది. రెండోది, ప్రయాణానికి చివరి రెండు వారాలు, అమ్ముడుపోని సీట్లని వదిలేసినప్పుడు. సెలవుల రద్దీలో ఈ రెండోదాన్ని నమ్ముకోవద్దు.

వెతికే పద్ధతి ఇలా. సీట్స్ ఏరో, పాయింట్ మీ లాంటి సైట్లు చాలా ఎయిర్‌లైన్ల మైళ్ళ ప్రోగ్రాముల్ని ఒకేసారి జల్లెడ పడతాయి. అక్కడ ఏ తేదీల్లో, ఏ మైళ్ళకి ఏముందో ఒక అవగాహన వస్తుంది. తర్వాత ఆ ప్రోగ్రాం సొంత సైట్‌లోకి వెళ్ళి అదే సీటు కనబడుతోందో లేదో చూడాలి. ముందు ఒక్కరికే వెతకండి, తర్వాత ఇద్దరికి. నలుగురికని కొట్టారంటే, రెండు సీట్లున్న విమానం అసలు కనబడదు. ఊరూ ఊరూ కలిపి వెతికితే ఏమీ రానప్పుడు ముక్కలు చేయండి. సముద్రం దాటే పొడుగు ముక్కకి ముందు సీటు పట్టుకోండి, చిన్న ముక్క ఎలాగైనా సర్దుకుంటుంది. అవసరమైతే ఆ చిన్నదాన్ని విడిగా డబ్బుపెట్టి కొనొచ్చు, మధ్యలో బోలెడు వ్యవధి ఉంచుకోవాలి. టికెట్లు వేరైతే మొదటి విమానం ఆలస్యమైందని రెండోవాళ్ళు ఆగరు.

మొన్నొకసారి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నలుగురం. ఒకే విమానం. బిజినెస్సే. సెలవులు మొదలైన శనివారం బయల్దేరాలి."

"ఇద్దరిద్దరుగా వేర్వేరు రోజుల్లో వెళ్తారా?"

"అబ్బే, కుదరదు."

"మంగళవారానికి మారతారా?"

"ఆయనకి సెలవు దొరకదే."

"అయితే పిల్లల్ని ఎకానమీలో కూర్చోబెట్టవే. ఏ ఊరి నుంచైనా ఎక్కుతాం, ఏ రోజైనా బయల్దేరతాం అనేవాళ్ళకే ఇది బాగా కలిసొస్తుంది."

కోపం వచ్చిందనుకుంటాను. కానీ నిజం అదే. తేదీ, ఊరు, ఎయిర్‌లైన్, అందరూ కలిసి ఒకే విమానం: ఈ నాలుగింట్లో కనీసం రెండు వదులుకోవాలి.

ఉన్నట్టు కనబడి లేని సీట్లు కూడా ఉంటాయి. జాబితాలో కనిపిస్తుంది, నొక్కితే తప్పు చూపిస్తుంది. అందుకని పాయింట్లు పంపేముందు ఆ సైట్‌లో ప్రయాణికుల పేర్లు కొట్టి, డబ్బుకట్టే పేజీ దాకా వెళ్ళి చూడండి. చాలా సైట్లు అక్కడ "మీ ఖాతాలో పాయింట్లు చాలవు" అంటాయి. అదే మనక్కావలసింది, సీటు ఉన్నట్టే లెక్క. అనుమానం తీరకపోతే ఫోన్ చేసి విమానం నంబరు, తేదీ చెప్పి అడగండి. కొన్ని ప్రోగ్రాములు అడిగితే కాసేపు సీటు పట్టి కూడా ఉంచుతాయి.

లెక్క

సూత్రం సులువు. డబ్బుకి టికెట్ ధరలోంచి, పాయింట్లతో తీసే టికెట్‌కి (అవార్డు టికెట్ అంటారు) మీరు కట్టే పన్నులు తీసెయ్యండి. మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. డాలర్లే అనుకుందాం. బిజినెస్ టికెట్ 3,200. అదే సీటు 70,000 పాయింట్లు, పైన 150 పన్నులు. 3,050ని 70,000తో భాగిస్తే పాయింటుకి 4.36 సెంట్లు. ఇంకో ప్రోగ్రాం అదే సీటుని 60,000కే ఇస్తానంటోంది, కానీ పైన 900 అడుగుతోంది. అక్కడ పాయింటుకి 3.83 సెంట్లు. పాయింట్లు తక్కువని రెండోదానికి ఎగబడతారు. 10,000 పాయింట్లు మిగుల్చుకోవడానికి 750 డాలర్లు పోస్తున్నామని చూసుకోరు.

ఆ 900లో ఎక్కువభాగం ప్రభుత్వం పన్ను కాదు, ఇంధనం పేరు చెప్పి ఎయిర్‌లైన్ వేసే సర్‌చార్జి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ తమ సొంత విమానాలకి దీన్ని గట్టిగానే బాదుతాయి. ఏరోప్లాన్ ఈ సర్‌చార్జి వసూలు చెయ్యదు, భాగస్వాముల విమానమైతే టికెట్‌కి 39 కెనడా డాలర్ల రుసుము తీసుకుంటుంది. నిజమైన పన్నుల్లోనూ తేడాలున్నాయి. బ్రిటన్‌లో విమానం ఎక్కి బయల్దేరేవాళ్ళకి అక్కడి ప్రభుత్వం పాసింజర్ డ్యూటీ వేస్తుంది, పై తరగతులకి అది ఇంకా ఎక్కువ. వచ్చి దిగేవాళ్ళకి లేదు. వెళ్ళేటప్పుడు లండన్‌లో దిగి, వచ్చేటప్పుడు బ్రిటన్ బయట వేరే ఊళ్ళో ఎక్కితే అంతమేర మిగులుతుంది.

ఈ లెక్కలో ఒక మోసం దాగుంది. 3,200 పెట్టి ఆ టికెట్ మీరు నిజంగా కొనేవారా? కొనరు. మహా అయితే 1,200 పెట్టేవారు. అలాగైతే 1,050ని 70,000తో భాగించండి, పాయింటుకి ఒకటిన్నర సెంటు. నేను మా ఇంటి లెక్క ఇలాగే వేస్తాను. కార్డు యాప్‌లో నేరుగా వాడుకుంటే పాయింటుకి ఒక సెంటు వచ్చేచోట ఇదీ లాభమే, కాకపోతే ఎగిరి గంతేసేంత కాదు. చవక ఎకానమీ టికెట్లకి పాయింట్లు పంపడం చాలాసార్లు నష్టమని కూడా ఇదే లెక్క చెబుతుంది.

పంపే రోజు

ఎయిర్‌లైన్ ఖాతా ముందుగానే తెరిచి పెట్టుకోండి. దానికి డబ్బేమీ పడదు. ఖాతాలో పేరు, కార్డు మీద పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో పడి, పొడి అక్షరాలు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది. మీ మైళ్ళతో ఇంట్లోవాళ్ళకి టికెట్ తీయాలంటే కొన్ని ప్రోగ్రాములు వాళ్ళ పేర్లు ముందే నమోదు చెయ్యమంటాయి. క్రిస్‌ఫ్లయర్‌లో అలా ఐదుగురిని చేర్చుకోవచ్చు. మా అత్తగారి పేరు అందులో ఎప్పుడో ఎక్కించేశాను.

పాయింట్లు చేరే వేగం ఏ బ్యాంకు నుంచి ఏ ఎయిర్‌లైన్‌కి అన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలావరకు నిమిషాల్లో పడిపోతాయి, కొన్నిటికి రెండు మూడు రోజులు పడుతుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి ఏఎన్ఏకి పంపితే వెంటనే పడవు. ఆ రెండు రోజుల్లో సీటు ఎవరో ఎగరేసుకుపోవచ్చు. ఒకటే సీటు మిగిలి, పాయింట్లు ఆలస్యంగా చేరే దారి అయితే, సీటు పట్టి ఉంచుతామంటేనే నేను పంపుతాను. క్రిస్‌ఫ్లయర్‌లో వెయిట్‌లిస్ట్ అనేదొకటుంది. దాన్ని నమ్మి పాయింట్లు పంపొద్దు, సీటు ఖాయమయ్యాక పంపొచ్చు.

ఇక బోనస్. బ్యాంకులు అప్పుడప్పుడు ఫలానా ఎయిర్‌లైన్‌కి పంపితే 20, 30 శాతం ఎక్కువ అంటాయి. 30 శాతం ఉన్నప్పుడు 70,000 మైళ్ళ సీటుకి 54,000 పాయింట్లు చాలు, 70,200 అవుతాయి. ట్రాన్స్‌ఫర్లు సాధారణంగా వెయ్యి చొప్పునే కాబట్టి పై వెయ్యికి సరిచేసుకోవాలి. సీటు చూసి పెట్టుకున్నవాళ్ళకి ఇది పండగే. సీటు లేనివాళ్ళు మాత్రం బోనస్ గడువు చూసి కంగారుపడి పంపేస్తారు. బ్యాంకు కోరుకునేదీ అదే.

పాయింట్లు పడగానే అదే కూర్చున్నచోట టికెట్ తీసెయ్యండి. బుకింగ్ నంబరు వస్తే సరిపోదు, 13 అంకెల టికెట్ నంబరు కూడా వచ్చిందో లేదో చూసుకోండి. భాగస్వామి విమానమైతే వాళ్ళ బుకింగ్ నంబరు వేరే ఉంటుంది, అడిగి తీసుకుని వాళ్ళ సైట్‌లో సీటు ఎంచుకోవాలి. రద్దు చేస్తే పాయింట్లు ఎయిర్‌లైన్ ఖాతాలోకే తిరిగొస్తాయి, బ్యాంకుకి రావు. రుసుము ఎంతో ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కోలా ఉంటుంది, కొనేముందే చదవండి.

ఆ తర్వాత నెలకోసారి బుకింగ్ తెరిచి చూస్తుండండి. విమానం వేళలు మారుస్తారు, కొన్నిసార్లు విమానాన్నే మార్చేస్తారు. ఖతార్ వాళ్ళ క్యూసూట్, అంటే తలుపున్న గదిలాంటి బిజినెస్ సీటు, అనుకుని తీసుకున్నది మామూలు బిజినెస్ కావొచ్చు. వేళ బాగా మారితే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి. మార్పు వాళ్ళు చేసింది కాబట్టి, మైళ్ళ సీట్లు లేని విమానంలోకి కూడా రుసుము లేకుండా మార్చమని అడగొచ్చు. మీకు అనువైన విమానం నంబరు మీరే చూసుకుని చెబితే వాళ్ళకీ పని తేలిక. ఒకరు కాదంటే ఫోన్ పెట్టేసి మళ్ళీ చెయ్యండి, ఇంకొకరు ఎత్తుతారు.