వోయ్‌చెహ్ గారిని ఏమని పిలవాలి? పోలండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లకి

వ్రొత్స్‌వాఫ్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నా టీమ్ లీడ్ పేరు స్క్రీన్ మీద చూశాను. డబ్ల్యూ, ఓ, జే, సీ, ఐ, ఈ, సీ, హెచ్. మనకి వచ్చిన ఇంగ్లిష్ చదువుతో "వోజ్‌సీచ్" అని పిలిచాను. ఆయన నిదానంగా "వోయ్‌చెహ్" అని చెప్పారు. మర్నాడు పక్క సీటు అమ్మాయి ఆయన్నే "వోయ్‌తెక్" అంది. మధ్యాహ్నం ఎవరో ఫోన్లో "వోయ్‌చెహా" అన్నారు. సాయంత్రం వచ్చిన మెయిల్ "పాన్యె వోయ్‌చెహు" అని మొదలైంది. ఇవన్నీ ఒకే మనిషి పేరని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

అందుకే కొత్తగా వచ్చేవాళ్లకి నేను ముందు ఈ ఒక్క పేరు పూర్తిగా నేర్చుకోమని చెబుతాను. యాభై పేర్లు పైపైన బట్టీ పట్టేకంటే ఇది మేలు. పోలండ్‌లో మనుషుల్ని పిలిచే పద్ధతి, మర్యాద, కొంత వ్యాకరణం, కొంత చరిత్ర అన్నీ ఇందులోనే దొరుకుతాయి.

ముందు నోరు తిరగాలి. డబ్ల్యూని ఇక్కడ "వ" అంటారు, జేని "య" అంటారు. సీ పక్కన ఐ వస్తే మన "చ"కి దగ్గరగా, ఇంకా మెత్తగా పలుకుతుంది. చివరి సీహెచ్ గొంతులోంచి వచ్చే "హ". పలికేటప్పుడు ఊతం "వోయ్" మీద ఉంచండి. ఇక వోయ్‌తెక్‌లో ఉన్నది "త", "ట" కాదు. ఇంగ్లిష్ టీని "ట" అని పలకడం మనకి అలవాటు. పోలిష్ టీ మాత్రం నాలుక పళ్లకి తగిలే అచ్చమైన తెలుగు "త". డీ కూడా మన "ద"యే. ఈ విషయంలో ఇంగ్లిష్ వాళ్లకంటే మనకి సులువు, కానీ ఆ సంగతి ఎవరూ చెప్పరు. నేనూ ఆరు నెలలు "టొమాష్" అంటూ తిరిగాక ఒక పెద్దావిడ "తొమాష్" అని సరిదిద్దింది. అడ్డగీత ఉన్న ఎల్‌ని "వ" లాగా, ఇంగ్లిష్ డబ్ల్యూ పలికినట్టు పెదాలు గుండ్రంగా చుట్టి పలకాలి. స్తానిస్వాఫ్, బొలెస్వాఫ్ లాంటి పేర్ల చివర డబ్ల్యూ "ఫ్"గా మారుతుంది. ఈ ఊరి పేరు చివర "ఫ్" వచ్చింది కూడా అలాగే.

వోయ్‌చెహ్ పాత స్లావ్ పేరు, రెండు ముక్కల సమాసం. "వోయ్" అంటే యోధుడు, పోరు. "చెహ్" అంటే సంతోషం. పోరులో ఆనందించేవాడు అన్నమాట. రెండు ముక్కలూ ఇప్పటి భాషలోనే ఉన్నాయి. సైన్యాన్ని వోయ్‌స్కో అంటారు, యుద్ధం వోయ్నా. ఎవరినైనా పరిచయం చేస్తే "చెషెఁ షెఁ" అంటారు, సంతోషంగా ఉంది అని. పేర్లని ఇలా సమాసంగా కట్టడం మనకి కొత్త కాదు, జయానందుడు, వీరభద్రుడు మనకీ ఉన్నారు. బొలెస్వాఫ్, మిరొస్వాఫ్ పేర్లలోని "స్వావ" అంటే కీర్తి. సంస్కృతంలో శ్రవస్ అంటే కూడా కీర్తే, రెండూ ఒకే పాత ధాతువు నుంచి వచ్చినవి. భాషంతా అడవిలా అనిపించే మొదటి నెలల్లో ఈ చుట్టరికం తెలిసినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఈ పేరుకి ఇంత గౌరవం తెచ్చింది ఒక బిషప్. ఆయన చెక్ దేశంలోని స్లావ్నిక్ వంశంలో పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు వోయ్త్యెహ్. క్రైస్తవ సంస్కారం జరిగినప్పుడు తన గురువైన మాగ్దెబుర్గ్ ఆర్చిబిషప్ పేరు అదల్బెర్త్‌ని తీసుకున్నాడు. ప్రాగ్‌కి బిషప్ అయ్యాడు. బాల్టిక్ తీరంలోని ప్రష్యన్లు అనే తెగవాళ్లకి మతం బోధించడానికి వెళ్లి 997 ఏప్రిల్ 23న అక్కడే చంపబడ్డాడు. పోలండ్ పాలకుడు బొలెస్వాఫ్ ఆయన దేహాన్ని దాని బరువుకి సరితూగే బంగారం ఇచ్చి విడిపించుకున్నాడని ఇక్కడ చెప్పుకుంటారు. దేహాన్ని గ్న్యెజ్నో అనే ఊళ్లో ఉంచారు. 1000లో జర్మన్ చక్రవర్తి మూడో ఒట్టో ఆ సమాధి దగ్గరికి యాత్రగా వచ్చాడు, గ్న్యెజ్నోలో ఆర్చిబిషప్ పీఠం ఏర్పడింది. పోలండ్‌ని యూరప్‌లో ఒక రాజ్యంగా గుర్తించిన సందర్భంగా దాన్ని చూస్తారు. గ్న్యెజ్నో కెథడ్రల్‌లో 12వ శతాబ్దపు కంచు తలుపులు ఉన్నాయి. ఆయన జీవితాన్ని 18 బొమ్మల్లో పోత పోశారు. మన గుడి గోడల మీద కథని వరుసగా చెక్కినట్టే ఉంటుంది, ఒక రెక్క కింది నుంచి పైకి, రెండోది పై నుంచి కిందికి చూసుకుంటూ రావాలి. వీలు చేసుకుని తప్పకుండా వెళ్లండి.

అదల్బెర్త్, వోయ్‌చెహ్ ఒకరే అని గుర్తు పెట్టుకోండి. 1945కి ముందు వ్రొత్స్‌వాఫ్ జర్మనీలో ఉండేది, బ్రెస్లావ్ అనేవారు. దొమినికాన్స్కి కూడలి దగ్గర ఎర్ర ఇటుకల గోతిక్ చర్చి ఇప్పుడు సెయింట్ వోయ్‌చెహ్ చర్చి. పాత జర్మన్ మ్యాపుల్లో అదే అదల్బెర్త్ చర్చి. చెక్ వాళ్లు ఈయన్ని వోయ్త్యెహ్, ముద్దుగా వోయ్త అంటారు. లిథువేనియాలో వైతియెకుస్. ప్రాగ్‌లో ఉన్న మన పిల్లలు అక్కడి వోయ్తని వోయ్‌తెక్ అని పిలవకండి, ఆ పిలుపు ఇక్కడిది.

ఇంటిపేర్లకి వస్తే వోయ్‌చెహోఫ్‌స్కి, వోయ్‌త్‌చాక్ లాంటివి ఈ పేరు నుంచి పుట్టినవే. చాలామంది వూయ్‌చిక్‌ని కూడా ఇందులో కలిపేస్తారు, అది తప్పు. అది "వూయ్త్" అనే మాట నుంచి వచ్చింది. వూయ్త్ అంటే గ్రామాధికారి, ఇవాళ కూడా గ్రామీణ మండలం పెద్దని వూయ్త్ అనే అంటారు. మన కరణం వారి ఇంటిపేరు లాంటిదే.

ఇప్పుడు అసలు సంగతి, పిలుపు. ఇక్కడ పేరుకి మూడు మెట్లు ఉన్నాయి. కాగితాల మీద వోయ్‌చెహ్. స్నేహితులకీ ఇంట్లోవాళ్లకీ వోయ్‌తెక్. పసివాడైతే వోయ్‌తుష్. మన సత్యనారాయణ ఇంట్లో సత్తిబాబు అయినట్టే. తొమాష్ తొమెక్ అవుతాడు, యాకుబ్ కుబ అవుతాడు, స్తానిస్వాఫ్ స్తాషెక్ అవుతాడు. కానీ ఆయన మెయిల్ కింద వోయ్‌తెక్ అని రాసేదాకా, లేదా "నన్ను వోయ్‌తెక్ అనండి" అని తానే చెప్పేదాకా మనం అలా పిలవకూడదు. ఐటీ కంపెనీల్లో ఇది మొదటి రోజే జరిగిపోతుంది. ఇరుగుపొరుగులో, ఆఫీసుల్లో, ఆస్పత్రిలో మాత్రం పెద్దవాళ్లు చొరవ తీసుకుని "నువ్వు"లోకి రమ్మనాలి.

అప్పటిదాకా "పాన్" వాడాలి, ఆడవాళ్లకి "పాని". మన "గారు" లాంటిదే, కాకపోతే పేరుకి ముందు వస్తుంది. ఎదురుగా పిలిచేటప్పుడు పాన్ వోయ్‌చెహ్ కాస్తా "పాన్యె వోయ్‌చెహు" అవుతుంది. ఇది సంబోధన. రాముణ్ణి పిలిస్తే రామా అయినట్టు, తమ్ముడు తమ్ముడూ అయినట్టు. మన చిన్నప్పటి విభక్తుల పాఠం గుర్తు తెచ్చుకోండి, సగం పోలిష్ వచ్చినట్టే. పాన్ తర్వాత ఇంటిపేరు పెట్టి మొహం మీద పిలవకండి. మనకి మర్యాదలా తోస్తుంది, వాళ్లకి గద్దించినట్టు వినిపిస్తుంది. పేరు తెలియకపోతే "ప్రొషెఁ పాన" అంటే చాలు. యూనివర్సిటీలో చదివే పిల్లలు ఇంకా జాగ్రత్త. ప్రొఫెసర్ పేరు వోయ్‌చెహ్ అయినా ఆయన్ని "పాన్యె ప్రొఫెసొజె" అనాలి. మనం సార్ అనడం మానెయ్యనట్టే ఇదీ.

విభక్తులు మన పేర్లకీ తగులుతాయి. నా మొదటి అద్దె అగ్రిమెంట్లో నా పేరు శ్రీనివాస్ కాకుండా "శ్రీనివాసెమ్" అని ఉంది. పాస్‌పోర్ట్‌తో పేరు కలవలేదని టెన్షన్ పడి ఆ రాత్రి నిద్రపోలేదు. తీరా చూస్తే అది "శ్రీనివాస్‌తో" అన్నమాట. వోయ్‌చెహ్ వాక్యంలో వోయ్‌చెహెమ్ అయినట్టే, ఇల్లు అద్దెకిచ్చే ఆయనతో, తీసుకునే ఈయనతో అని ఒప్పందం మొదలవుతుంది. అలాంటి వాక్యాల్లో చివర మారితే భయపడక్కర్లేదు. కానీ ఫారంలో "ఇమ్యె" అన్నచోట పేరు, "నజ్విస్కో" అన్నచోట ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టే రాయండి. అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా వెంటనే చెప్పి దిద్దించుకోండి.

ఇంకో చిక్కు ఉంది, మన మగపిల్లలకి. పోలిష్‌లో ఆడవాళ్ల పేర్లు దాదాపు అన్నీ "అ"తో ముగుస్తాయి. కుబ లాంటి కొన్ని ముద్దుపేర్లు తప్ప మగపేర్లు సాధారణంగా అలా ఉండవు. దాంతో కృష్ణ, సూర్య, ఆదిత్య అనే పేర్లు చూసి "పాని" అని మెయిల్ వస్తుంది. బాధపడకండి. మెయిల్లో "కావాలి" అని రాయాల్సినచోట మగవాళ్లు "హ్‌చావ్‌బిమ్" అని రాస్తే వాళ్లకి అర్థమైపోతుంది, ఆడవాళ్లయితే "హ్‌చావాబిమ్". ఈ భాషలో "నేను" అన్నప్పుడు కూడా క్రియలో ఆడా మగా తెలుస్తుంది. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, 11 అంకెల పెసెల్ నంబర్ వచ్చాక పదో అంకె చూసుకోండి. మగవాళ్లకి బేసి, ఆడవాళ్లకి సరి అంకె ఉండాలి. పేరు చూసి పొరపాటు పడి ఉంటే అక్కడే బయటపడుతుంది.

పిల్లలు ఈ పేరుని స్కూల్లో వింటారు, ఎక్కువగా ఒక ఎలుగుబంటి కథలో. రెండో ప్రపంచ యుద్ధంలో పోలిష్ సైనికులు ఇరాన్‌లో ఒక ఎలుగు పిల్లని కొని పెంచి వోయ్‌తెక్ అని పేరు పెట్టారు. ఇటలీకి ఓడ ఎక్కించడానికి దాన్ని సైనికుడిగా నమోదు చేశారు. మోంతె కసినో పోరులో ఫిరంగి గుండ్ల పెట్టెలు మోసిందని చెబుతారు. 1963లో ఎడిన్‌బరో జూలో చనిపోయింది. క్రాకోవ్‌లో యోర్దన్ పార్కులో దాని విగ్రహం ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి.

ఏప్రిల్ 23 వోయ్‌చెహ్‌ల పేరు పండగ, "ఇమ్యెనిని" అంటారు. మన క్యాలెండర్లో తిథీ నక్షత్రం ఉన్నట్టు ఇక్కడి గోడ క్యాలెండర్లో ప్రతి తేదీ కింద పేర్లు ఉంటాయి. పెద్ద వయసు వాళ్లు పుట్టినరోజు కంటే దీన్నే ఎక్కువగా చేసుకుంటారు. మా కింది ఫ్లాట్ పెద్దాయన పేరు ఇదే. మొదటి ఏడాది నేను పొరపాటున చామంతులు కొనబోతే పూలకొట్టు ఆవిడ ఆపింది. మనకి పూజకి పెట్టే పువ్వు, ఇక్కడ నవంబర్ 1న సమాధుల మీద పెడతారు. తులిప్‌లు తీసుకోండి, అదీ బేసి సంఖ్యలో, అయిదో ఏడో. సరి సంఖ్య చావులకి. తలుపు తీయగానే చెయ్యి చాపకండి, గడప దాటి లోపలికి వెళ్లాకే చెయ్యి కలపాలి. గడపకి అటూ ఇటూ నిలబడి ఇచ్చిపుచ్చుకోకూడదని మన అమ్మమ్మలు చెప్పినదే ఇక్కడి అమ్మమ్మలూ చెబుతారు. "ఫ్‌షిస్త్‌కియెగో నయ్‌లెప్‌షెగో, పాన్యె వోయ్‌చెహు" అనండి, అంతా మంచి జరగాలి అని. చెప్పులు విప్పుకుని ఒక గంట తీరిక పెట్టుకుని వెళ్లండి, కేక్ తినకుండా టీ తాగకుండా పంపరు.