గరగర ఎవరిది: బ్యాండుదా, ముల్లుదా?

ఇండస్ట్రియల్ త్రాష్ మెటల్ (యంత్రాల హోరు కలిసిన వేగమైన, కరుకు రాక్ సంగీతం) రికార్డుతో ఒక చిక్కుంది. గిటార్లు కావాలనే గరగరలాడతాయి, గొంతు కావాలనే బొంగురుపోతుంది. అందుకని రికార్డు ప్లేయరు ముల్లు గాడిలో సరిగ్గా కూర్చోక వచ్చే గరగరను కూడా ‘ఈ సంగీతమే ఇంత’ అని సరిపెట్టుకుంటాం. అదే ఘంటసాల పాటైతే పల్లవి దాటకముందే దొరికిపోయేది.

రెండింటినీ విడదీయడానికి నేను వాడేది లాస్ ఏంజెలెస్ బ్యాండు ఫియర్ ఫ్యాక్టరీ 1995లో తెచ్చిన ‘డీమాన్యుఫ్యాక్చర్’. డీనో కజారెస్ గిటారు, రేమండ్ హెరెరా రెండు కాళ్లతో వాయించే డబుల్ బేస్ డ్రమ్ములు కలిసి ఒకే దెబ్బగా పడతాయి. కుట్టు మిషను పోట్లలా అవి విడివిడిగా వినబడాలి, ముద్దకట్టకూడదు. బర్టన్ సి. బెల్ అరుస్తూ అరుస్తూ ఉన్నట్టుండి మామూలు గొంతుతో పాడతాడు. మనకు పనికొచ్చేది ఆ గొంతే.

కొనేటప్పుడే ఒకటి చూసుకోండి. ఆల్బమ్ నిడివి దాదాపు 55 నిమిషాలు. ఒకే డిస్కులో ఇరికిస్తే వైపుకు 27 నిమిషాలు దాటుతుంది. అప్పుడు గాడి చుట్లు దగ్గరగా కోయాలి, ధ్వని తగ్గించాలి. రెండు డిస్కుల ముద్రణ దొరికితే మాటిమాటికీ లేచి తిప్పాల్సి వచ్చినా సరే, అదే తీసుకోండి.

తర్వాత ముల్లు గాడి మీద మోపే బరువు. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జికి (ముల్లును పట్టి ఉంచే చిన్న డబ్బా) 2 గ్రాములు కావాలి. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలివైపు లాగబడకుండా ఆపే సర్దుబాటు) సున్నాలో పెట్టి, ముల్లు తొడుగు తీసి, కార్ట్రిడ్జిని మోసే ఆ ఆర్మ్ గాలిలో సమంగా తేలేదాకా వెనక బరువును తిప్పండి. అక్కడ అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తెచ్చి, ఆపై మొత్తం బరువును 2 దాకా తిప్పండి. యాంటీ స్కేటింగ్ కూడా 2. బరువు తగ్గిస్తే రికార్డు అరగదని కొందరు ఒకటిన్నరకు దించుతారు. చాలని బరువుతో ముల్లు ఎగిరెగిరి గాడి గోడలను కొడుతుంది. అరుగుదల కంటే అది చెడ్డది.

ఇక అసలు పరీక్ష. ఒక వైపు మొదటి పాట, చివరి పాట వెంటవెంటనే వినండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు జరిగితే, లేబుల్ దగ్గర 20 చిల్లర మాత్రమే. అదే శబ్దం సగంకన్నా తక్కువ చోటులో సర్దుకోవాలి. బ్యాండు గరగర రెండు చోట్లా ఒకటే. ముల్లు గరగర లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఆల్బమ్ చివరి పాట ‘ఎ థెరపీ ఫర్ పెయిన్’ లేబుల్ పక్కనే పడిన ముద్రణైతే మరీ మంచిది. నెమ్మది పాట, మామూలు గొంతు, దాక్కోవడానికి చోటు లేదు. ‘స’, ‘ష’ చిరిగిపోతున్నాయంటే కార్ట్రిడ్జి మరలు వదులు చేసి, కార్ట్రిడ్జి కోణం సరిచూసే గీతల కాగితం మీద రెండు చుక్కల దగ్గరా కార్ట్రిడ్జిని గీతలకు సరిపెట్టండి. అయినా పోకపోతే ఎంఎల్ (మైక్రోలీనియర్, మరింత సన్నని కొనగల) ముల్లు కొనండి. కార్ట్రిడ్జి మార్చనక్కర్లేదు, ముందు భాగం లాగి కొత్తది గుచ్చడమే. ఖరీదెక్కువే, కానీ వీఎం95ఈతో వచ్చే ముల్లుకు 300 గంటలైతే ఎంఎల్‌కు 1,000 గంటల ఆయుష్షని కంపెనీ చెబుతుంది.

స్పీకర్లు, ప్లేయరు ఒకే బల్ల మీద ఉంటే ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ మెల్లగా పెంచి చూడండి. గుంయ్‌మని హోరు పెరుగుతుంటే వెంటనే తగ్గించి, ప్లేయరును గోడకు బిగించిన అర మీదకు మార్చండి. నాకు ఆ హోరు అలాగే పోయింది. పక్క వాటా పెద్దాయన ఫిర్యాదు మాత్రం పోలేదు, ఆయన కూరగాయలకు వెళ్లే వేళ చూసుకుని పెడుతుంటాను.