ఉప్పునీటి అక్వేరియంలో నైట్రేట్ దిగాలంటే ఎన్ని నీళ్లు మార్చాలి?

వారం వారం 10 శాతం నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాములు) దగ్గరే నిలబడిపోతే కంగారుపడక్కర్లేదు. లెక్కే అలా ఉంటుంది. మేత, చేపల వ్యర్థాల వల్ల మీ ట్యాంక్‌లో వారానికి 5 పీపీఎం నైట్రేట్ పుడుతోందనుకోండి. 50 ఉన్నప్పుడు 10 శాతం మారిస్తే పోయేది 5. మళ్లీ వారం తిరిగేసరికి చేరేదీ 5. ఇలా ఏడాది చేసినా అంగుళం కదలదు. అదే 25 శాతం చొప్పున మారుస్తూ పోతే నెమ్మదిగా దిగి, మార్చేముందు 20, మార్చాక 15 దగ్గర కుదురుకుంటుంది.

అందుకే బకెట్ పట్టుకునే ముందు టెస్ట్ కిట్ తీయండి. నీళ్లు మార్చిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత మళ్లీ మార్చబోయే ముందు ఒకసారి కొలిస్తే వారానికి ఎంత పెరుగుతోందో తెలుస్తుంది. రీఏజెంట్ (కిట్‌లోని పరీక్ష ద్రావణం) సీసా అడుగున పొడి పేరుకునే రకమైతే అర నిమిషం గట్టిగా ఊపాలి, లేకపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది. కిట్ నైట్రేట్-నైట్రోజన్‌ని (నైట్రేట్‌లోని నైట్రోజన్ భాగాన్ని మాత్రమే) చూపిస్తుంటే దాన్ని 4.4తో గుణించండి.

చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్‌లో 40 లోపు ఉంటే చాలు. పగడాలు ఉంటే 5 నుంచి 10 మంచిది. సున్నా కోసం పాకులాడొద్దు, పగడాలు పాలిపోతాయి, రాళ్ల మీద డైనోఫ్లాజెలేట్ల (కంటికి కనిపించని సూక్ష్మజీవుల) జిగురు పట్టే ప్రమాదం ఉంది.

80 పీపీఎం ఉన్న ట్యాంక్‌లో ఒకేసారి సగం మారిస్తే 40కి వస్తుంది. అవే నీళ్లు 10 శాతం చొప్పున అయిదుసార్లు మారిస్తే 47 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే పోసిన కొత్త నీళ్లలో కొంత మళ్లీ బయటికి పోతుంది. పెద్ద మార్పే పొదుపు. కానీ సున్నితమైన పగడాలుంటే వారానికి 25 శాతం దాటకుండా దించడం మేలు.

శాతం లెక్క అసలు నీళ్ల మీద వేయాలి. 100×45×45 సెంటీమీటర్ల ట్యాంక్ పేరుకి 200 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన ఖాళీ పోతే 160 మిగలొచ్చు. సంప్‌లో (ట్యాంక్ కింద ఫిల్టర్ సామగ్రి ఉండే తొట్టిలో) ఇంకో 40 ఉంటే మొత్తం 200, అందులో 25 శాతం 50 లీటర్లు.

ఎక్కువమంది దెబ్బతినేది కొత్త నీళ్ల దగ్గరే. మన వంటింటి ఆర్వో యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, అది రుచి కోసం కొంత పచ్చి నీటిని కలుపుతుంది. బోరు నీళ్లలో నైట్రేట్ ఉంటే అదీ వచ్చేస్తుంది. పైగా ఆర్వో పొర నైట్రేట్‌ని పూర్తిగా ఆపలేదు. కంట్రోలర్ లేని ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) పెట్టి, టీడీఎస్ మీటర్ 0 చూపించే నీళ్లే వాడండి.

ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పడుతుంది. 50 లీటర్లకు సుమారు 1.8 కిలోల మెరైన్ సాల్ట్‌తో మొదలుపెట్టి, పవర్‌హెడ్ (నీటిని కదిలించే చిన్న పంపు) తిప్పుతూ 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) వచ్చేదాకా కొంచెం కొంచెం కలపండి. ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి. ఉష్ణోగ్రత ట్యాంక్‌కి 1 డిగ్రీ లోపు, ఆల్కలినిటీ (నీటి క్షారత, దీన్ని డీకేహెచ్‌లలో కొలుస్తారు) 1 డీకేహెచ్ లోపు తేడా ఉండాలి. నీళ్లు తేటగా అయ్యేదాకా పోయొద్దు.

మార్చే రోజు ముందుగా ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్లు పోసి మట్టం సరిచేయండి. ఎండాకాలంలో ఇది మరిచిపోతే లవణీయత పెరిగిపోతుంది. తర్వాత హీటర్, రిటర్న్ పంపు, స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం), ఆటో టాప్-ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పరికరం) అన్నీ ఆపండి. గాలికి తేలిన హీటర్ గాజు పగులుతుంది. టాప్-ఆఫ్ ఆపకపోతే మట్టం తగ్గిందని ఉప్పు లేని నీళ్లు కుమ్మరిస్తుంది. రాళ్ల సందుల్లోని మురికిని పెద్ద సిరంజితో ఊది సైఫన్‌తో లాగండి. పలుచటి ఇసుకను విడతకు మూడో వంతు శుభ్రం చేస్తే చాలు. పది సెంటీమీటర్ల మందం ఉన్న పాత ఇసుకను మాత్రం కదపొద్దు, లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండొచ్చు. పోశాక స్కిమ్మర్ ఒక రోజు పొంగితే భయం లేదు.

రెండు రోజుల్లోనే నైట్రేట్ మళ్లీ లెక్కకు మించి పెరిగితే ఫిల్టర్ సాక్ (మురికిని పట్టే గుడ్డ సంచి) చూడండి. మూడు నాలుగు రోజులకోసారి ఉతకని సాక్‌లో చిక్కిన మేత అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతుంది. వారానికి 10 పీపీఎం దాటి పెరిగే ట్యాంక్‌లో ఉప్పు కొనుక్కుంటూ పోవడం దండగ. మేత తగ్గించి, సంప్‌లో నైట్రేట్‌ని పీల్చుకునే కీటో ఆల్గే (ఒక రకం నాచు) పెంచండి.